స్లైడు మీద రంగు ఎందుకు తప్పుతుంది: బ్యాక్టీరియా స్టెయినింగ్, స్మియర్ నుంచి మైక్రోస్కోప్ దాకా

"అన్నీ ఎర్రగానే వచ్చేసినాయేటి సార్?" శ్రీకాకుళం, విజయనగరం వైపు డిగ్రీ మైక్రోబయాలజీ ప్రాక్టికల్స్‌లో ఈ మాట వినపడని బ్యాచ్ ఉండదు. ఇచ్చింది స్టెఫైలోకాకస్ అనే బ్యాక్టీరియా. ఊదా రంగులో గుత్తులు గుత్తులుగా కనపడాలి. తీరా చూస్తే గులాబీ రంగు చుక్కలు. వెంటనే అనుమానం స్టెయిన్ (రంగు) సీసా మీదకు పోతుంది. పాతబడిపోయిందనో, కంపెనీ మంచిది కాదనో అంటారు. నిజంగా సీసా తప్పయ్యే సందర్భాలు తక్కువే. చాలాసార్లు తప్పు రంగు వేయకముందే, స్మియర్ (స్లైడు మీద పల్చగా పరిచిన శాంపిల్ పొర) దగ్గరే జరిగిపోయి ఉంటుంది. అక్కడ కాకపోతే రంగు తీయడానికి ఆల్కహాల్ పోసిన ఆ పది ఇరవై సెకన్లలో జరుగుతుంది. అందుకే ఇక్కడ ఈ రెండింటి గురించే ఎక్కువ రాశాను. మిగతావి అవసరమైనంత వరకే.

ఎచ్చెర్ల అంబేడ్కర్ యూనివర్సిటీ పరిధిలో బీఎస్సీ, ఎమ్మెస్సీ చదివేవాళ్లు, డీఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా) పిల్లలు, చిన్న ఊళ్లో ఒక్కరే కూర్చుని ల్యాబ్ నడిపే టెక్నీషియన్లు దీన్ని పక్కన పెట్టుకుని పని చేసుకోవచ్చు.

ముందు స్లైడు సంగతి

కొత్త డబ్బా విప్పి తీసిన స్లైడు శుభ్రంగానే ఉంటుందని నమ్మొద్దు. చాలావాటి మీద పల్చటి జిడ్డు పొర ఉంటుంది. ఒక చుక్క డిస్టిల్డ్ వాటర్ వేసి చూడండి. నీరు పరుచుకుంటే స్లైడు బాగున్నట్టు. ముత్యంలా గుండ్రంగా నిలబడితే జిడ్డు ఉన్నట్టు. ఆ జిడ్డు మీద వేసిన స్మియర్ ముద్దలు కడుతుంది, కడిగేటప్పుడు ఊడి సింకులోకి పోతుంది. స్పిరిట్‌లో తడిపిన గాజుగుడ్డతో తుడిచి, ఆరాక ఒకసారి మంట మీదుగా పోనిస్తే చాలు. ఆ తర్వాత అంచులు పట్టుకోవాలే గానీ మధ్యలో వేలు పెట్టకూడదు.

మన సముద్ర తీరం తేమకు వానాకాలంలో డబ్బాలోని స్లైడ్లు ఒకదానికొకటి అతుక్కుని, పొగ పట్టినట్టు మసకబారతాయి. ఆ మసక తుడిస్తే పోనివి పక్కన పడేయండి.

నంబరు పెన్నుతో రాయకండి. ఆల్కహాల్ తగిలితే పోతుంది, ఆపైన ఏ స్లైడు ఎవరిదో తేలదు. గరుకు అంచున్న స్లైడయితే మామూలు పెన్సిల్, లేకపోతే డైమండ్ పెన్సిల్ వాడాలి. స్మియర్ ఏ వైపు ఉందో కూడా ఆ గుర్తే చెబుతుంది. స్లైడు తిరగబడి, వెనకవైపు ఫోకస్ చేస్తూ అరగంట కూర్చునేవాళ్లు ప్రతి ఏడాదీ ఉంటారు.

స్మియర్: ఇక్కడ తొందర పనికిరాదు

ప్లేటు మీది కాలనీ (బ్యాక్టీరియా పెరిగి కంటికి కనపడే గుంపు) నుంచి అయితే స్లైడు మధ్యలో లూప్‌తో (కొనకు చిన్న వలయం ఉన్న తీగ) చిన్న నీటి చుక్క పెట్టాలి. డిస్టిల్డ్ వాటరే పెట్టండి. సెలైన్ పెడితే ఆరాక ఉప్పు పలుకులు కనపడతాయి, కొత్తవాళ్లు వాటిని చూసి తికమక పడతారు. ఎర్రగా కాల్చిన లూప్‌ను చల్లారనిచ్చి, కాలనీకి అలా తాకించి తీయాలి. చెంచాతో తీసినట్టు తీయకూడదు. కంటికి కనపడీ కనపడనంత చాలు. దాన్ని నీటి చుక్కలో కలిపి, రూపాయి బిళ్ల కంటే చిన్నగా, పల్చగా పరచాలి. బ్రాత్ (బ్యాక్టీరియాను పెంచిన ద్రవం) అయితే నీరు అక్కర్లేదు, ఒక లూప్ వేసి పరచడమే. చీము ఉన్న స్వాబ్ (దూది పుల్ల) అయితే రుద్దకండి, స్లైడు మీద మెల్లగా దొర్లించండి. రుద్దితే చీము కణాలు చిట్లి, వాటి లోపలున్న బ్యాక్టీరియా బయటపడుతుంది. గనేరియా అనుమానం ఉన్నప్పుడు బ్యాక్టీరియా కణం లోపల ఉందా, బయట ఉందా అన్నదే చూడాల్సిన విషయం.

మందం సరిపోయిందా లేదా అని చూడటానికి న్యూస్ పేపర్ చాలు. ఆరిన స్మియర్‌ను పేపరుకు నాలుగైదు సెంటీమీటర్ల పైన పట్టుకుని చూస్తే అచ్చు అక్షరాలు కాస్త మసకగా, కానీ చదవగలిగేలా ఉండాలి. ఇది టీబీ కళ్లె స్మియర్లకు చెప్పే కొలత. ప్లేటు మీది కల్చర్ (పెంచిన బ్యాక్టీరియా) స్మియర్ ఇంకా పల్చగా ఉండాలి. అక్షరాలు అసలు కనపడకపోతే రంగు వేయకండి, ఇంకో స్మియర్ వేయండి. మడత విప్పకుండా జాడించిన ముతక బట్టలో రంగు ఉండిపోయినట్టు, మందపాటి స్మియర్ అడుగున ఊదా రంగు ఇరుక్కుని ఉంటుంది. పైపొర గులాబీ, అడుగు ఊదా. అప్పుడు ఒకే బ్యాక్టీరియా రెండు రకాలుగా కనపడుతుంది.

ఆరడానికి టైమివ్వాలి. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో స్మియర్ ఓ పట్టాన ఆరదు, దాంతో తడి ఉండగానే మంట మీద పెడతారు. లోపలి నీరు మరిగి కణాలు ఉబ్బి వంకర్లు పోతాయి. గుండ్రటి కోకై ఏదో, కడ్డీల్లాంటి బాసిలై ఏదో తేల్చుకోలేరు. కళ్లె స్మియర్లను ఫ్యాన్ కింద ఆరబెట్టడం అయితే అస్సలు కూడదు, తుంపరలు గాలిలోకి లేస్తాయి. స్లైడ్ వార్మర్ ఉంటే మంచిది. లేకపోతే టేబుల్ ల్యాంప్ బల్బుకు కాస్త ఎడంగా పెట్టి వదిలేయండి.

పూర్తిగా ఆరాకే ఫిక్సింగ్, అంటే స్మియర్ స్లైడుకు అంటుకునేలా చేయడం. స్మియర్ పైకి ఉండేలా పట్టుకుని స్పిరిట్ ల్యాంప్ మంట మీదుగా రెండు మూడుసార్లు చకచకా పోనిచ్చి, స్లైడు అడుగును ముంజేతి వెనక తాకించి చూడండి. వెచ్చగా, ఓర్చుకోగలిగేలా ఉండాలి. చురుక్కుమంటే ఎక్కువ కాలినట్టే. అతిగా కాలిస్తే కణగోడ దెబ్బతిని గ్రామ్ పాజిటివ్ బ్యాక్టీరియా (గ్రామ్ స్టెయిన్‌లో ఊదా రంగు నిలుపుకునేవి; గులాబీగా కనపడేవి గ్రామ్ నెగటివ్) కూడా గులాబీగా మారుతుంది. చీము, వెన్నునీరు, పెరుగు లాంటివాటికి మంట కంటే మెథనాల్ మేలు. ఒకటి రెండు చుక్కలు వేసి, రెండు నిమిషాలుంచి, వంపేసి ఆరనివ్వడమే. కణాల ఆకారం చెక్కు చెదరదు, కడిగేటప్పుడు స్మియర్ ఊడటం కూడా తగ్గుతుంది.

చేయి తిరగడానికి రోగుల శాంపిళ్లు అక్కర్లేదు, ఇంట్లోనే సరుకుంది. పెరుగు మీద తేరిన నీళ్లు ఒక లూప్ తీసుకుంటే గొలుసుల్లాంటి కోకై, పొడుగాటి బాసిలై ఊదా రంగులో కనపడతాయి. గడ్డ పెరుగు తీసుకుంటే మాత్రం పాల ప్రొటీన్ వెనకంతా గులాబీ తెరలా పట్టేస్తుంది. ఇంట్లో తరవాణి కుండ ఉంటే ఇంకా బాగుంటుంది. అందులో లాక్టిక్ బ్యాక్టీరియాతో పాటు ఈస్ట్ కూడా ఉంటుంది. కోలగా, మొగ్గ తొడుగుతూ, బ్యాక్టీరియా కంటే ఎన్నో రెట్లు పెద్దగా, ముదురు ఊదాగా కనపడుతుంది. ఏది ఎంత సైజో కంటికి అలవాటవుతుంది. అన్నిటి కంటే మంచి శాంపిల్ పంటి పాచి. టూత్‌పిక్‌తో గీసి తీస్తే గ్రామ్ పాజిటివ్, గ్రామ్ నెగటివ్ రెండూ ఒకే స్లైడులో ఉంటాయి, పైగా చెంప కణాలూ ఉంటాయి. రెండు రంగులూ విడివిడిగా కనపడితే మీ పద్ధతి సరిగ్గా ఉన్నట్టే.

గ్రామ్ స్టెయిన్, అడుగడుగునా

1884లో బెర్లిన్‌లో డెన్మార్క్ డాక్టర్ హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ న్యుమోనియాతో చనిపోయినవారి ఊపిరితిత్తుల ముక్కల్లో బ్యాక్టీరియాను విడిగా చూపించడానికి దీన్ని కనిపెట్టాడు. బ్యాక్టీరియాను రెండు వర్గాలుగా విడగొట్టడం ఆయన ఉద్దేశం కాదు. తన పద్ధతిలో లోపాలున్నాయని ఆయనే రాసుకున్నాడు. గులాబీ రంగు కౌంటర్ స్టెయిన్ (ఊదా పోయిన కణాలు కనపడేలా చివర్లో వేసే రంగు) తర్వాత వచ్చి చేరింది.

1. క్రిస్టల్ వయొలెట్‌తో స్మియర్ అంతా కప్పి 1 నిమిషం ఉంచండి. తర్వాత సన్నని ధార నీటితో కడగండి. ధార నేరుగా స్మియర్ మీద పడకూడదు, పై అంచు నుంచి జారాలి.

2. గ్రామ్స్ అయొడిన్ 1 నిమిషం. వేసే ముందు స్లైడు మీద మిగిలిన నీటిని వంపేయండి, లేకపోతే అయొడిన్ పల్చబడుతుంది. అయొడిన్, వయొలెట్ కలిసి కణం లోపల పెద్ద సైజు సముదాయంగా మారతాయి. ఈ దశ సరిగా జరగకపోతే గ్రామ్ పాజిటివ్ కూడా రంగును పట్టుకోలేదు.

3. రంగు తీయడం. దీని గురించి విడిగా చెబుతాను.

4. సాఫ్రనిన్ 30 నుంచి 60 సెకన్లు. కడిగి, బ్లాటింగ్ పేపర్‌తో అద్ది ఆరనివ్వండి, రుద్దకండి. హీమోఫిలస్, క్యాంపైలోబ్యాక్టర్ లాంటివి సాఫ్రనిన్‌ను సరిగా పీల్చుకోవు. అలాంటి అనుమానం ఉంటే పల్చటి కార్బాల్ ఫుక్సిన్ వాడితే స్పష్టంగా కనపడతాయి.

ఇక మూడో అడుగు. గ్రామ్ పాజిటివ్ కణగోడలో పెప్టిడోగ్లైకాన్ పొర మందంగా ఉంటుంది. ఆల్కహాల్ తగలగానే ఆ పొరలోని నీరు పోయి బిగుసుకుంటుంది, లోపలి వయొలెట్-అయొడిన్ సముదాయం బయటికి రాలేదు. గ్రామ్ నెగటివ్‌లో ఆ పొర పల్చన. దాని పైన కొవ్వుతో కూడిన బయటి పొర ఉంటుంది, ఆల్కహాల్ దాన్ని కరిగిస్తుంది, రంగు జారిపోతుంది. అయితే ఆల్కహాల్ అక్కడితో ఆగదు. ఇంకాసేపు ఉంచితే గ్రామ్ పాజిటివ్ నుంచి కూడా రంగు లాగేస్తుంది. కాబట్టి ఎప్పుడు ఆపాలో తెలియడమే ఇందులో అసలు పని.

95 శాతం ఇథనాల్ అయితే 10 నుంచి 20 సెకన్లు. ఒట్టి అసిటోన్ అయితే రెండు మూడు సెకన్లే, రెప్ప వేసేలోపు అయిపోతుంది. రెండూ సగం సగం కలిపినది వీటికి మధ్యలో ఉంటుంది, కొత్తవాళ్లకు అదే నయం. గడియారం కంటే కింది అంచును నమ్ముకోండి. స్లైడును వంచి పట్టుకుని పై అంచు నుంచి చుక్క చుక్కగా వేస్తూ, కింది నుంచి జారే చుక్కల్ని తెల్లటి టిష్యూ పైన గానీ తెల్ల సింకులో గానీ చూడండి. ఊదా రంగు ఆగి తేటగా వచ్చిన క్షణమే నీళ్లు పోయాలి. నీళ్ల సీసా రెండో చేతిలో సిద్ధంగా ఉండాలి. ఆల్కహాల్ పోశాక సీసా కోసం వెతుక్కుంటే ఆ స్లైడు పోయినట్టే.

మన ఎండల్లో ఇంకో ఇబ్బంది ఉంది. ఏప్రిల్, మే నెలల్లో ఏసీ లేని ల్యాబ్‌లో అసిటోన్-ఆల్కహాల్ డ్రాపర్ బాటిల్ మూత సరిగా పెట్టకపోతే అసిటోన్ ముందు ఎగిరిపోతుంది. దాని మరిగే ఉష్ణోగ్రత 56 డిగ్రీలే, ఇథనాల్‌ది 78. మిగిలిన ద్రావణం మునుపటి కంటే నెమ్మదిగా పనిచేస్తుంది. మార్చిలో సరిపోయిన సెకన్లు మేలో సరిపోవు, అన్నీ ఊదాగా కనపడతాయి. వానాకాలంలో మూత తీసి ఉంచితే ఆల్కహాల్ గాలిలోని తేమను లాక్కుని బలం మారుతుంది. చిన్న సీసాల్లో, బిగుతైన మూతతో పెట్టుకోండి. లీటరు సీసా చవకని కొని ఏడాదంతా వాడటం నా లెక్కలో పొదుపు కాదు.

కంట్రోల్ చూడకుండా శాంపిల్ చూడొద్దు

ఒకే స్లైడు మీద మూడు చిన్న స్మియర్లు వేయండి. ఎడమ వైపు స్టెఫైలోకాకస్ ఆరియస్, కుడి వైపు ఈ.కొలై, మధ్యలో మీ శాంపిల్. ఏ రంగు రావాలో ముందే తెలిసిన ఆ రెండు చివర్లే కంట్రోల్. మూడింటికీ ఒకే రంగు, ఒకే ఆల్కహాల్, ఒకే సమయం. మైక్రోస్కోప్ కింద ముందు రెండు చివర్లూ చూడాలి. ఎడమది ఊదాగా, కుడిది గులాబీగా ఉంటేనే మధ్యది చదవాలి. కంట్రోల్ తప్పిన రోజు మధ్యది ఎంత అందంగా కనపడినా రిపోర్టు రాయకూడదు.

కంట్రోల్ కల్చర్లు లేని చిన్న ల్యాబ్‌లో చీము కణాలే ఆ పని చేసిపెడతాయి. వాటి కేంద్రకాలు గులాబీ, ఎరుపు రంగులో ఉండాలి. ఊదాగా ఉంటే ఆ చోట రంగు పూర్తిగా పోలేదని అర్థం, అక్కడ కనపడే ఊదా బాసిలైని నమ్మడానికి వీల్లేదు. ఇంత తేలికైన పరీక్ష స్లైడులోనే ఉన్నా దాన్ని చూసేవాళ్లు తక్కువ.

తప్పు ఎక్కడ జరిగిందో వెనక్కి నడుస్తూ వెతకండి

అన్నీ గులాబీగా వచ్చాయా? ముందు కల్చర్ వయసు అడగండి. 18 నుంచి 24 గంటల కల్చరే వాడాలి. శనివారం పెట్టి సోమవారం తీసిన ప్లేటులో చచ్చిన కణాలు ఎక్కువ. వాటి గోడలు పాడై గ్రామ్ పాజిటివ్ కూడా గులాబీగా దిగుతుంది. బాసిల్లస్, క్లాస్ట్రిడియం జాతుల్లో ఇది మరీ ఎక్కువ. నాలుగు రోజుల పుల్ల పెరుగునూ ఈ రోజు తోడుకున్న పెరుగునూ పక్కపక్కన స్మియర్ వేస్తే ఈ తేడా కళ్లతో చూడొచ్చు. శాంపిల్ రోగిదైతే యాంటీబయాటిక్ వాడుతున్నాడేమో కనుక్కోండి, పెన్సిలిన్ తరహా మందులు కణగోడనే కొడతాయి. కల్చర్ తాజాదే అయితే అప్పుడు మంట, ఆ తర్వాత ఆల్కహాల్. అన్నీ సరిగ్గా ఉన్నా అలాగే వస్తుంటే అయొడిన్ సీసా ఎత్తి వెలుతురులో చూడండి. ముదురు గోధుమ రంగు పోయి లేత పసుపుగా మారితే అయొడిన్ ఎగిరిపోయినట్టే. ఎండ తగిలే కిటికీ పక్కన తెల్ల సీసాలో పెడితే ఇలాగే అవుతుంది. గోధుమరంగు సీసాలో, చీకటి అరలో ఉంచాలి.

అన్నీ ఊదాగా వస్తే చాలావరకు స్మియర్ మందం, లేదా ఆల్కహాల్ తక్కువ పడటం. స్మియర్ అంచున కణాలు ఒక్కొక్కటిగా విడిపోయిన చోటుకు జరిపి చూడండి. అక్కడ గులాబీగా, మధ్యలో ఊదాగా ఉంటే కారణం మందమే. ఎసినెటోబ్యాక్టర్ మాత్రం వేరు. అది గ్రామ్ నెగటివ్ అయినా రంగును గట్టిగా పట్టుకుంటుంది, పొట్టిగా కోకైలా కూడా కనపడుతుంది. ఐసీయూ శాంపిళ్లు చూసేవాళ్లు దీన్ని మనసులో పెట్టుకోవాలి.

ఊదా, గులాబీ కలిసి వస్తే రెండు దారులు. నిజంగానే రెండు జాతులు కలిసి ఉండొచ్చు, లేదా ఒకే జాతి రంగు మారి ఉండొచ్చు. ఆకారం, సైజు ఒకటే అయి రంగు మాత్రమే వేరైతే రెండోదే ఎక్కువ సంభవం. మళ్లీ ప్లేటు మీద స్ట్రీక్ చేసి (లూప్‌తో గీతలుగా పరిచి), తాజా కాలనీ నుంచి స్మియర్ వేస్తే తేలిపోతుంది.

ముదురు ఊదా ముళ్లు, సూదుల్లాంటివి కనపడితే అవి క్రిస్టల్ వయొలెట్ పలుకులు. బ్యాక్టీరియా అంతా ఒకే ఫోకస్ తలంలో ఉంటుంది, ఈ పలుకులు కాస్త పైన తేలుతూ కనపడతాయి. స్టెయిన్‌ను ఫిల్టర్ పేపర్‌తో వడగట్టండి, స్లైడు మీద రంగు ఎండిపోనివ్వకండి. అసలేమీ కనపడకపోతే స్మియర్ కొట్టుకుపోయిందేమో చూడండి. గుర్తు ఏ వైపు ఉందో కూడా చూడండి.

ఇంకా అనుమానం తీరకపోతే రంగుతో పనిలేని పరీక్ష ఒకటుంది. స్లైడు మీద 3 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి, అందులో కాలనీని కాస్త ఎక్కువగానే కలుపుతూ అర నిమిషం, నిమిషం పాటు లూప్‌ను పైకెత్తి చూడండి. గ్రామ్ నెగటివ్ అయితే కణాలు పగిలి డీఎన్ఏ బయటికొచ్చి, బంక తీగలా లూప్ వెంట సాగుతుంది. గ్రామ్ పాజిటివ్ అయితే నీళ్లలాగే ఉంటుంది. స్టెయిన్‌తో పాటు ఇది కూడా ఒకే మాట చెబితే ధైర్యంగా రాయొచ్చు.

స్టెయిన్లు సొంతంగా కలుపుకునేవాళ్లకు కొలతలు ఇవీ. 2 గ్రాముల క్రిస్టల్ వయొలెట్‌ను 20 మి.లీ. 95 శాతం ఇథనాల్‌లో, 0.8 గ్రాముల అమోనియం ఆక్సలేట్‌ను 80 మి.లీ. డిస్టిల్డ్ వాటర్‌లో కరిగించి, రెండూ కలిపి ఒక రోజు ఉంచి వడగట్టాలి. అయొడిన్‌కు 2 గ్రాముల పొటాషియం అయొడైడ్‌ను ముందు కొద్ది నీటిలో కరిగించి, అందులో 1 గ్రాము అయొడిన్ కలిపి, మొత్తం 300 మి.లీ.కి నింపాలి. ఈ వరస తప్పితే అయొడిన్ కరగక అడుగున కూర్చుంటుంది. సాఫ్రనిన్ 2.5 గ్రాములు 100 మి.లీ. ఇథనాల్‌లో కరిగించి ఉంచుకుని, వాడేటప్పుడు అందులో 10 మి.లీ.కి 90 మి.లీ. నీరు కలపాలి. లవణాలు ఎక్కువున్న బోరు నీళ్లతో ఏదీ కలపొద్దు.

టీబీ స్మియర్: జీల్-నీల్సన్

టీబీ బ్యాక్టీరియా గోడలో మైకోలిక్ ఆమ్లం అనే మైనం లాంటి పదార్థం ఉంటుంది. మామూలు రంగు లోపలికి దూరదు. వేడిమితో, ఫినాల్ సాయంతో దూరిస్తే మాత్రం ఆమ్లం పోసినా బయటికి రాదు. దీన్నే యాసిడ్ ఫాస్ట్ అంటాం.

కొత్త స్లైడే వాడాలి. పాత స్లైడు గీతల్లో మునుపటి రోగి బ్యాక్టీరియా దాగి ఉండొచ్చు. కళ్లెలో నీళ్లలాంటి ఉమ్మి కాకుండా చిక్కటి, చీములాంటి భాగం ఎంచుకుని 3 సెంటీమీటర్ల పొడవు, 2 సెంటీమీటర్ల వెడల్పున పరచాలి. ఆరనిచ్చి ఫిక్స్ చేశాక 1 శాతం కార్బాల్ ఫుక్సిన్‌తో నింపి, కింద నుంచి ఆవిరి లేచేదాకా వేడి చేసి 5 నిమిషాలు ఉంచాలి. మరిగించకూడదు, ఎండనివ్వకూడదు. మరిగినా ఎండినా ఎర్రటి పలుకులు ఏర్పడతాయి, అవి బ్యాక్టీరియాలా మోసం చేస్తాయి. చల్లారాక కడిగి, 25 శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లం 2 నుంచి 4 నిమిషాలు. కడిగాక ఇంకా ఎర్రగా ఉంటే మరోసారి కాసేపు. చివరగా 0.1 శాతం మిథిలిన్ బ్లూ 30 సెకన్లు. ఎక్కువసేపు ఉంచితే నీలం ముదిరిపోయి ఎర్రటి బాసిలై అందులో మునిగిపోతాయి.

ఆమ్లం కలిపేటప్పుడు 75 మి.లీ. నీటిలో 25 మి.లీ. ఆమ్లాన్ని మెల్లగా పోయాలి. ఆమ్లంలో నీళ్లు పోస్తే చిమ్ముతుంది, కళ్లు పోతాయి.

లేని టీబీ ఉన్నట్టు కనపడటానికి రంగు కంటే నీళ్లు పెద్ద కారణం. ఓవర్‌హెడ్ ట్యాంకుల్లో, పాత కుళాయి పైపుల్లో టీబీ కలిగించని మైకోబ్యాక్టీరియా (టీబీ బ్యాక్టీరియాకు చుట్టాలు) పెరుగుతుంది. అదీ యాసిడ్ ఫాస్టే, అదీ ఎర్రగానే కనపడుతుంది. స్టెయిన్లు డిస్టిల్డ్ వాటర్‌తోనే కలపాలి. ఒకే రోజు ఎప్పుడూ లేనన్ని పాజిటివ్‌లు వస్తే రోగులను పిలిచే ముందు నీటిని, ఆయిల్ సీసాను అనుమానించాలి. ఆయిల్ చుక్క వేసేటప్పుడు డ్రాపర్ కొన స్మియర్‌కు తగలకూడదు. తగిలితే ఆ బాసిలై తర్వాతి స్లైడుకు ప్రయాణం చేస్తాయి. స్లైడ్లన్నీ ఒకే జాడీలో ముంచి రంగు వేయడం టీబీకి పనికిరాదు, కారణం ఇదే.

లెక్క ఇలా రాస్తారు. 100 ఆయిల్ ఇమ్మర్షన్ ఫీల్డుల్లో ఒక్కటీ లేకపోతే నెగటివ్. 100 ఫీల్డుల్లో మొత్తం 1 నుంచి 9 ఉంటే స్కాంటీ అని రాసి, ఆ అంకె కూడా వేయాలి. 10 నుంచి 99 ఉంటే 1+. ఒక్కో ఫీల్డులో 1 నుంచి 10 ఉంటే 2+, ఇందుకు 50 ఫీల్డులు చూడాలి. ఒక్కో ఫీల్డులో 10కి మించితే 3+, ఇందుకు 20 ఫీల్డులు చాలు. పది ఫీల్డులు చూసి నెగటివ్ రాసేయడం కంటే అసలు చూడకపోవడం మేలు. స్మియర్‌లో కనపడాలంటే మిల్లీలీటరు కళ్లెలో సుమారు 5,000 నుంచి 10,000 బాసిలై ఉండాలి కాబట్టి నెగటివ్ వచ్చినంత మాత్రాన టీబీ లేదని కాదు. రిమ్స్ లాంటి పెద్ద ఆసుపత్రుల్లో చూసే ఫ్లోరోసెంట్ మైక్రోస్కోపీ, జన్యు పరీక్షలు అందుకే.

కుష్టుకైతే ఆమ్లం 5 శాతమే వాడాలి. 25 శాతం పోస్తే లెప్రసీ బాసిలై రంగు కోల్పోతాయి.

మిగతా స్టెయిన్లు కొద్దిగా

స్పోర్ (కొన్ని బ్యాక్టీరియా కణాల్లో ఏర్పడే గట్టి విశ్రాంత రూపం) కోసం 5 శాతం మాలకైట్ గ్రీన్ వేసి 5 నిమిషాలు ఆవిరి పట్టి, కడిగి, సాఫ్రనిన్ 30 సెకన్లు. స్పోర్లు ఆకుపచ్చగా, కణాలు గులాబీగా ఉంటాయి. స్పోర్లు కనపడకపోతే కల్చర్ మరీ లేతది అని అర్థం, ఇక్కడ రెండు మూడు రోజుల కల్చర్ కావాలి. గ్రామ్ స్టెయిన్‌కు చెప్పినదానికి ఇది పూర్తిగా తిరగేసిన లెక్క, పరీక్షలో పిల్లలు పొరబడేది ఇక్కడే. డిఫ్తీరియా అనుమానానికి ఆల్బర్ట్ స్టెయిన్ వేస్తే ఆకుపచ్చటి కణాల చివర్లలో నీలి నలుపు చుక్కలు కనపడతాయి. వెన్నునీటిలో క్రిప్టోకాకస్ అనే ఈస్ట్ కోసం ఇండియా ఇంక్. ఫిక్సింగ్ ఏదీ లేకుండా ఒక చుక్క ఇంకు, ఒక చుక్క శాంపిల్ కలిపి కవర్ స్లిప్ వేసి చూడాలి. నల్లటి వెనక తెర మీద తెల్లటి వలయం కనపడుతుంది. ఇంకు మరీ ఎక్కువైతే వెలుతురు రాదు, ఏమీ కనపడదు.

మైక్రోస్కోప్ దగ్గర

స్టెయిన్ బాగా వచ్చినా కండెన్సర్ (స్లైడు కింద వెలుతురును కేంద్రీకరించే లెన్స్) కిందకు దించి చూస్తే రంగులు పాలిపోయి, కణాల చుట్టూ మెరుపు అంచులు వస్తాయి. 100ఎక్స్ లెన్స్‌కు కండెన్సర్ పూర్తిగా పైకి ఉండాలి, డయాఫ్రమ్ (వెలుతురును పెంచి తగ్గించే రంధ్రం) తెరిచి ఉండాలి. ఆయిల్ 1.515 వక్రీభవన గుణకం ఉన్న అసలు ఇమ్మర్షన్ ఆయిలే వాడాలి. లిక్విడ్ పారఫిన్ చవకే గానీ దాని గుణకం తక్కువ, అంచులు మసకగా కనపడతాయి. పని కాగానే లెన్స్ పేపర్‌తో తుడవండి, చొక్కా అంచుతో కాదు. తీర ప్రాంతంలో లెన్స్ లోపల బూజు పట్టడం మామూలు. మైక్రోస్కోప్ పెట్టెలో సిలికా జెల్ ఉంచి, దాని రంగు మారగానే ఎండబెట్టి మళ్లీ పెట్టండి.

పాత అద్దం మైక్రోస్కోప్ ఉంటే పారేయకండి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను తర్వాత ఉద్దానం వైపు రోజుల తరబడి కరెంటు లేదు. స్టెయినింగ్‌కు కరెంటు అక్కర్లేదు, స్పిరిట్ ల్యాంప్ చాలు. చూడటానికి కిటికీ వెలుతురు వైపు అద్దం తిప్పుకుంటే సరిపోతుంది. కండెన్సర్ ఉన్నప్పుడు అద్దం చదునైన వైపు వాడాలి. నేరుగా సూర్యుడి వైపు మాత్రం ఎప్పుడూ తిప్పకూడదు, కన్ను పోతుంది.

పని అయ్యాక

ఫిక్స్ చేసిన స్మియర్‌లో అంతా చచ్చిపోయిందని అనుకోవద్దు, మంట అన్నిటినీ చంపదు. వాడిన స్లైడ్లను, స్వాబ్‌లను తాజాగా కలిపిన 1 శాతం సోడియం హైపోక్లోరైట్‌లో అరగంటకు తగ్గకుండా ముంచి, తర్వాత బయోమెడికల్ వ్యర్థాల డబ్బాలో వేయాలి. గాజు ముక్కలకు వేరే డబ్బా. జీల్-నీల్సన్ చేసిన సింకులో ఆమ్లం మిగిలి ఉండగా హైపోక్లోరైట్ పోయకండి, రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు లేస్తుంది. ముందు నీళ్లు బాగా వదిలి, ఆమ్లం పూర్తిగా పోయాకే బ్లీచింగ్ సంగతి చూడండి.